జావా వెబ్‌లో కంపొనెంట్, యాక్షన్ పద్ధతులను కలిపి వాడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు బ్రాడీపేటలో ఒక చిన్న గదిలో కూర్చుని మిర్చి కమీషన్ దుకాణాలకు, కోల్డ్ స్టోరేజీలకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తుంటాను. ఆదివారాలు విజయవాడ నుంచి కూడా కొందరు పిల్లలు తమ ప్రాజెక్టులు పట్టుకుని వస్తారు. ప్రాజెక్టులు వేరు, ప్రశ్నలు మాత్రం అవే. చెప్పిన జవాబే మళ్లీ మళ్లీ చెప్పడం కంటే రాసి పెట్టడం మేలనిపించింది. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరకు నేరుగా వెళ్లండి.

## మొదలుపెట్టే ముందు

యాక్షన్ పద్ధతి, కంపొనెంట్ పద్ధతి అంటారు, అసలు తేడా ఏమిటండీ?

యాక్షన్ పద్ధతిలో బ్రౌజరు అడిగే ప్రతి చిరునామా వెనుక ఒక మెథడ్ ఉంటుంది. "/లాట్/218" అని అడిగితే ఆ మెథడ్ నడిచి, వివరాలు తెచ్చి, పేజీ తయారుచేసి పంపి, అంతటితో మరిచిపోతుంది. కంపొనెంట్ పద్ధతిలో పేజీయే సర్వర్ దగ్గర ఒక చెట్టులా ఉంటుంది. అంకె వేసే పెట్టె, పట్టిక, బటన్ అన్నీ ఆ చెట్టుకు కొమ్మలు. మీరు బటన్ నొక్కితే సర్వర్ ఆ చెట్టును మళ్లీ నిలబెట్టి, ఏ పెట్టెలో ఏం మారిందో చూసి, ఆ బటన్‌కు కట్టిన పని చేస్తుంది.

దుకాణం భాషలో చెప్పాలంటే మొదటిది కిటికీ దగ్గరి గుమాస్తా. చీటీ తీసుకుంటాడు, జవాబిస్తాడు, తరువాతి మనిషిని పిలుస్తాడు. రెండోది మీ ఖాతా పుస్తకం తెరిచి మీ ఎదుటే కూర్చున్న గుమాస్తా. మీరు లేచి వెళ్లేదాకా ఆ పుస్తకం తెరిచే ఉంటుంది, ఆ బల్ల వేరొకరికి దొరకదు. ఈ చివరి మాటను కాస్త గుర్తు పెట్టుకోండి.

ఇవి ఒకదానికొకటి పోటీ కదా, కలపడం ఎలా కుదురుతుంది?

అడుగున రెండూ సర్వ్‌లెట్లే, అంటే బ్రౌజరు అడిగినదానికి జవాబిచ్చే జావా తరగతులే. యాక్షన్ పద్ధతిని జావాలో ఇంటింటికీ చేర్చిన స్ట్రట్స్‌ను 2000లో మొదలుపెట్టింది క్రెయిగ్ మెక్లనహన్. 2004లో వచ్చిన, కంపొనెంట్ పద్ధతికి చెందిన జేఎస్ఎఫ్ (జావాసర్వర్ ఫేసెస్) మొదటి ప్రమాణానికి సారథ్యం వహించినవారిలోనూ ఆయన ఒకరు. అంటే పోటీ అని మనం అనుకునే రెండింటిలోనూ ఒకే మనిషి చెయ్యి ఉంది. ఒకే అప్లికేషన్‌లో రెండు సర్వ్‌లెట్లు పక్కపక్కన నడవడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు. చిక్కంతా సరిహద్దు ఎక్కడ గీయాలన్న దగ్గరే వస్తుంది.

ఏ ఫ్రేంవర్క్ ఎటు వైపు వస్తుంది?

స్ట్రట్స్, స్ప్రింగ్ ఎంవీసీ, జకార్తా ఎంవీసీ, స్ట్రైప్స్ యాక్షన్ వైపు. జేఎస్ఎఫ్ (ఇప్పటి పేరు జకార్తా ఫేసెస్), వికెట్, టేపెస్ట్రీ, వాడిన్ కంపొనెంట్ వైపు. ప్రైమ్‌ఫేసెస్ విడి ఫ్రేంవర్క్ కాదు, ఫేసెస్ మీద కట్టిన కంపొనెంట్ల సంచి.

ఏదో ఒకటే వాడితే సరిపోదా, ఎందుకీ తలనొప్పి?

చాలా ప్రాజెక్టులకు ఒకటే సరిపోతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి కట్టే అప్లికేషన్‌లో ఇరవై తెరలు, అవన్నీ ఒకే స్వభావం ఉన్నవైతే రెండో పద్ధతిని గుమ్మం లోపలికి రానివ్వకండి. ఒకే అప్లికేషన్‌లో ఆఫీసు సిబ్బంది గంటల తరబడి కూర్చునే తెరలు, బయటివారు క్షణం చూసి వెళ్లే పేజీలు రెండూ ఉన్నప్పుడే కలపడం గురించి ఆలోచించాలి. ఫ్యాషన్ కోసం కలిపినవాళ్లు ఆరు నెలలకు మళ్లీ విడదీయడం నేను చూశాను.

## ఏ పేజీ ఎటు

ఏ పేజీకి ఏ పద్ధతి అని ఎలా తేల్చుకోవాలి?

నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఈ పేజీ చిరునామాను ఎవరైనా వాట్సాప్‌లో ఇంకొకరికి పంపుతారా? పంపుతారంటే అది యాక్షన్ పేజీ.

మా కోల్డ్ స్టోరేజీ సాఫ్ట్‌వేర్‌లో రెండు తెరలు తీసుకుందాం. ఒకటి కాటా నమోదు. లాట్‌లో నలభై టిక్కీలు (మిర్చి బస్తాలు) ఉంటే నలభై వరుసలు. ప్రతి వరుసలో తూకం, రకం. రకం దగ్గర తేజ, 334, 341, బాడిగ అని జాబితా తెరుచుకుంటుంది. తూకం వేసిన కొద్దీ కింద మొత్తం మారుతూ ఉండాలి. పదిహేడో వరుసలో గుమాస్తా 43కు బదులు 433 కొడితే ఆ ఒక్క పెట్టె ఎర్రబడాలి, మిగతా ముప్పైతొమ్మిది వరుసలు చెక్కుచెదరకూడదు. ఇది కంపొనెంట్ పద్ధతికి పుట్టింటి పని. యాక్షన్ పద్ధతిలో రాస్తే నలభై వరుసల పేర్లు, తప్పిన విలువలు, వాటి సందేశాలు అన్నీ మీరే మోయాలి. మోయవచ్చు, కానీ అదే కంపొనెంట్‌ను చేతితో మళ్లీ తయారుచేయడం అవుతుంది.

రెండోది రైతు తన లాట్ ఎక్కడుందో ఫోనులో చూసుకునే పేజీ. ఊళ్లో అరుగు మీద కూర్చుని ఉదయం తెరుస్తాడు. ఫోను జేబులో పెట్టుకుని చేనికి వెళ్తాడు. సాయంత్రం అదే పేజీని మళ్లీ చూస్తాడు, పక్కవారికి పంపుతాడు. అతని కోసం సర్వర్‌లో ఖాతా పుస్తకం తెరిచి ఉంచడం శుద్ధ దండగ. చిరునామాలో లాట్ సంఖ్య ఉంటే చాలు.

వీటి మధ్యన వెతుకుడు పేజీలు, నివేదికలు ఉంటాయి. అలవాటు కొద్దీ చాలామంది వీటిని కంపొనెంట్ వైపు పెడతారు. నేను యాక్షన్ వైపే పెడతాను, ఎందుకంటే "మార్చి నెల, తేజ రకం, గది 4" అన్న వెతుకుడును గుర్తుపెట్టుకుని రేపు మళ్లీ తెరవాలని యజమాని తప్పకుండా అడుగుతాడు.

ఒకే పేజీలో సగం అలా, సగం ఇలా పెట్టవచ్చా?

వద్దు. జకార్తా ఎంవీసీలో ఫేస్‌లెట్స్‌ను (ఫేసెస్ పేజీలు రాసే పద్ధతి) పేజీ అచ్చుగా వాడుకోవచ్చని చదివి, అందులో ఫేసెస్ ఫారం ట్యాగ్ పెట్టేవారు చాలామంది. పేజీ చక్కగా కనిపిస్తుంది. బటన్ నొక్కగానే 404, అంటే పేజీ దొరకలేదని. కారణమేమిటంటే ఫేసెస్ ఫారం తన చిరునామాను తాను ఉన్న ఫైలు దారి నుంచి తయారు చేసుకుంటుంది. ఎంవీసీలో ఆ ఫైలు వెబ్-ఇన్ఫ్ ఫోల్డరు లోపల ఉంటుంది, బయటి నుంచి నేరుగా అక్కడికి ఎవరినీ సర్వర్ రానివ్వదు. కంట్రోలర్ (యాక్షన్ మెథడ్లు ఉండే తరగతి) పేజీల్లో ఫేస్‌లెట్స్‌ను పైభాగం, మెనూ, అడుగుభాగం అతికించడానికి మాత్రమే వాడండి. ఫారం అంటే మామూలు హెచ్‌టీఎంఎల్ ఫారమే పెట్టండి.

జకార్తా ఎంవీసీ అంటే ఏమిటి? జేఎస్ఎఫ్‌కు బదులుగా వచ్చిందా?

బదులు కాదు, తోడు. 2014లో జావా ఈఈ 8 (సర్వర్ అప్లికేషన్ల జావా ప్రమాణాల మూట, ఇప్పటి పేరు జకార్తా ఈఈ) కోసం జేఎస్ఆర్ 371 అనే ప్రమాణ ప్రతిపాదనగా మొదలైంది. ఒరాకిల్ దాన్ని మధ్యలో వదిలేస్తే సముదాయం ఎత్తుకుని 2020లో 1.0గా పూర్తి చేసింది. ఇది రెస్ట్ సేవల ప్రమాణం (చిరునామాకు మెథడ్‌ను కట్టే జావా ప్రమాణం) మీద కూర్చుంటుంది. అదే దారి అనొటేషన్, అదే మెథడ్, పైన కంట్రోలర్ అన్న గుర్తు. మెథడ్ తిరిగిచ్చే మాటను పేజీ పేరుగా తీసుకుంటుంది. దాన్ని నడిపే లైబ్రరీ పేరు క్రాజో. జకార్తా ఈఈ 10లో గానీ 11లో గానీ ఇది భాగం కాదు కాబట్టి లైబ్రరీని మీరే చేర్చుకోవాలి. సర్వర్ ఎక్కించగానే పనిచేస్తుందనుకుని సాయంత్రం దాకా తల పట్టుకున్నవారిలో నేనూ ఉన్నాను.

జేఎస్ఎఫ్‌లోనే యాక్షన్ పద్ధతి నడపవచ్చని విన్నాను, నిజమేనా?

చాలావరకు నిజమే. జేఎస్ఎఫ్ మొదట్లో ప్రతి పనినీ పోస్ట్‌గానే (ఫారం పంపినట్టే) చూసేది, చిరునామాకు విలువే లేదు. 2009లో 2.0తో వ్యూ పారామీటర్లు వచ్చాయి. చిరునామాలోని లాట్ సంఖ్యను తీసుకుని, అంకేనా కాదా తనిఖీ చేసి, బీన్‌లో (విలువలు మోసే జావా వస్తువులో) పెడతాయి. 2013లో 2.2తో వ్యూ యాక్షన్ వచ్చింది. పేజీ గీయడానికి ముందే ఒక మెథడ్‌ను పిలుస్తుంది, లాట్ దొరకకపోతే వేరే పేజీకి మళ్లించగలదు. ఈ ఆలోచన సీమ్ అనే ఫ్రేంవర్క్‌లో అప్పటికే ఉన్నదే. అంతకు ముందు ప్రీరెండర్‌వ్యూ అనే ఈవెంట్‌తో నెట్టుకొచ్చేవాళ్లం. అది బటన్ నొక్కిన ప్రతిసారీ కూడా నడిచేది, డేటాబేస్ మూలిగేది. వ్యూ యాక్షన్ మామూలుగా పేజీ మొదటిసారి తెరిచినప్పుడే నడుస్తుంది.

వీటికి తోడు, చూడటానికే ఉన్న పేజీలకు వ్యూ ట్యాగ్‌లో ట్రాన్సియంట్ అని పెడితే సర్వర్ ఆ పేజీ చెట్టును దాచుకోదు. మీ బృందానికి జేఎస్ఎఫ్ ఒక్కటే వచ్చినట్లయితే ఇక్కడితో ఆగిపొమ్మనే నా సలహా. రెండో ఫ్రేంవర్క్ అక్కరలేకుండానే మీకు కావలసిన కలయికలో ముప్పాతిక భాగం చేతికొస్తుంది.

## కట్టేటప్పుడు

ఒకే వార్ ఫైలులో (అప్లికేషన్ అంతా కట్టిన మూటలో) రెండింటికీ దారులు ఎలా పంచాలి?

ఫేసెస్ సర్వ్‌లెట్‌కు చుక్క ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ పొడిగింపు ఇవ్వండి. కంట్రోలర్లకు "/చూడు/*" లాంటి విడి దారి ఇవ్వండి.

సర్వ్‌లెట్ ప్రమాణంలో వరుస ఇది: ముందు అచ్చంగా సరిపోయే దారి, తరువాత నక్షత్రంతో ముగిసే దారుల్లో పొడవైనది, ఆ తరువాత పొడిగింపు, చివరికి ఒంటి స్లాష్. ఇప్పుడు మీరు రెస్ట్ అప్లికేషన్ దారిని ఒంటి స్లాష్‌గా రాశారనుకోండి. ప్రమాణం దాన్ని "/*"గా మారుస్తుంది. అది పొడిగింపు కంటే ముందు వరుసలో ఉంది. మీ ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ పేజీలన్నీ కంట్రోలర్ల నోట్లోకి పోతాయి, ఫేసెస్ దాకా ఒక్కటీ చేరదు. స్ప్రింగ్‌లో డిస్పాచర్‌కు (కంట్రోలర్లకు పని పంచే సర్వ్‌లెట్‌కు) ఒంటి స్లాష్ ఇస్తే పరవాలేదు, అది నిజంగానే చివరి వరుస. అక్కడే నక్షత్రం చేర్చారంటే ఇదే కథ. నా దగ్గరకు "జేఎస్ఎఫ్ పనిచేయడం లేదు" అని వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఈ నక్షత్రం పుణ్యమే.

కంట్రోలర్ నుంచి కంపొనెంట్ పేజీకి మనిషిని ఎలా పంపాలి?

దారి మళ్లింపుతో, చిరునామాలో సంఖ్య పెట్టి. సెషన్‌లో (ఒక్కొక్క మనిషి కోసం సర్వర్ గుర్తుంచుకునే చోట) వస్తువు దాచి పంపకండి.

ఈ మాట నేను దెబ్బ తిని చెబుతున్నాను. కొన్నేళ్ల క్రితం ఒక దుకాణానికి రాసినప్పుడు, జాబితా పేజీలో లాట్ మీద నొక్కగానే కంట్రోలర్ ఆ లాట్‌ను సెషన్‌లో "ప్రస్తుత లాట్" అని పెట్టి కాటా తెరకు పంపేది. పరీక్షల్లో అంతా బాగుంది. మార్చిలో యార్డుకు సరుకు పోటెత్తింది. ఆ దుకాణం గుమాస్తా చురుకైన మనిషి, రెండు లాట్లను రెండు ట్యాబుల్లో పక్కపక్కన తెరిచాడు. రెండో ట్యాబు తెరవగానే సెషన్‌లో లాట్ మారిపోయింది. మొదటి ట్యాబులో వేసిన పదకొండు టిక్కీల తూకాలు రెండో రైతు లాట్‌లో పడ్డాయి. పట్టీ (అమ్మకం లెక్క చీటీ) చేతికొచ్చాక రైతు లెక్క చూసుకుని అడిగితే గాని బయటపడలేదు. ఆ రాత్రి కాగితం చిట్టా ముందు పెట్టుకుని నేను, గుమాస్తా ఒక్కొక్క తూకం సరిచేశాం.

ఇప్పుడు కంట్రోలర్ "కాటా పేజీ, లాట్ 218" అని చిరునామాలోనే రాసి మళ్లిస్తుంది. కాటా తెర వ్యూ పారామీటరుతో ఆ సంఖ్యను అందుకుని తన వ్యూ స్కోప్ బీన్‌లో (ఆ పేజీ ఉన్నంతసేపే బతికే బీన్‌లో) ఉంచుకుంటుంది. ఏ ట్యాబుకు ఆ బీన్. తిరుగు ప్రయాణమూ అంతే: పని అయ్యాక కంపొనెంట్ పేజీ కూడా మళ్లింపుతోనే చీటీ పేజీకి పంపాలి.

బీన్లు రెండు వైపులా పనిచేస్తాయా?

సీడీఐ (బీన్లను తయారుచేసి అందించే జావా ప్రమాణం) బీన్లలో రిక్వెస్ట్, సెషన్, అప్లికేషన్ స్కోప్‌లవి రెండు వైపులా పనిచేస్తాయి. వ్యూ స్కోప్ ఫేసెస్ సొత్తు. కంట్రోలర్‌లో దాన్ని తాకితే తప్పు సందేశమే వస్తుంది. ఫేసెస్ కాంటెక్స్ట్ (ఫేసెస్ తన పని వివరాలు ఉంచుకునే వస్తువు) కూడా కంట్రోలర్‌లో నల్, అంటే ఉండదు. అసలు కమీషన్ లెక్క, హమాలీ కోత, నిల్వ అద్దె లాంటి పనిని రెండింటికీ తెలియని సేవా తరగతిలో పెట్టండి. ఆ తరగతి ఫైలు పైన ఫేసెస్ ఇంపోర్ట్ ఒక్కటి కనిపించినా నేను ఆ కోడ్ వెనక్కు పంపేస్తాను.

తనిఖీ నియమాలు రెండుసార్లు రాయాలా?

అక్కరలేదు, బీన్ వాలిడేషన్ అనొటేషన్లను రెండూ గౌరవిస్తాయి. తేడా వచ్చేది ఖాళీ పెట్టె దగ్గర. ఖాళీగా వదిలిన పెట్టెను నల్‌గా చూడమని ఫేసెస్‌కు ఒక అమరిక ఉంది, చాలామంది దాన్ని పెట్టుకుంటారు. యాక్షన్ వైపు అదే పెట్టె ఖాళీ అక్షరమాలగా వస్తుంది. "నల్ కాకూడదు" అన్న నియమం ఫేసెస్ తెరలో పట్టుకుంటుంది, కంట్రోలర్ ఫారంలో వదిలేస్తుంది. రైతు పేరు లేని రసీదు అలాగే పుడుతుంది. అక్షరాల పెట్టెలకు "ఖాళీ కాకూడదు" అనే నాట్‌బ్లాంక్ వాడితే రెండు చోట్లా ఒకే తీర్పు.

లాగిన్ తనిఖీ ఎక్కడ పెట్టాలి?

సర్వ్‌లెట్ ఫిల్టర్‌లో, అంటే అభ్యర్థనలు సర్వ్‌లెట్‌ను చేరేముందు దాటే గేటులో. జేఎస్ఎఫ్ పుస్తకాల్లో ఫేజ్ లిజనర్‌తో చేసిన ఉదాహరణలు కనిపిస్తాయి. అది ఫేసెస్ పేజీలకే కాపలా, కంట్రోలర్ దారులు తలుపు తీసినట్టే ఉంటాయి. ఇంకొకటి: ఫేసెస్ ఫారంలో దాగిన వ్యూస్టేట్ విలువ నకిలీ ఫారాల నుంచి కొంత రక్షణ ఇస్తుంది. పేజీని ట్రాన్సియంట్ చేశారంటే ఆ రక్షణ పోతుంది, కాబట్టి డబ్బు కదిలే తెరలను అలా చేయకండి. కంట్రోలర్ ఫారాల్లో సీఎస్ఆర్ఎఫ్ టోకెన్‌ను (నకిలీ ఫారాలను పట్టే రహస్య విలువను) మీరే పెట్టాలి.

ఫేసెస్ తెరలో తెలుగు పేర్లు బాగానే పడుతున్నాయి, కంట్రోలర్ ఫారంలో పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. ఎందుకు?

అక్షర సంకేతం యూటీఎఫ్-8 అని అందరికంటే ముందే చెప్పకపోవడం వల్ల. సర్వ్‌లెట్ 4.0 నుంచి వెబ్ డాట్ ఎక్స్ఎంఎల్ అనే అమరికల ఫైలులో రిక్వెస్ట్ అక్షర సంకేతాన్ని ఒక్క పంక్తిలో ప్రకటించవచ్చు. పాత సర్వర్లలో అయితే మొట్టమొదటి ఫిల్టర్‌లో పెట్టాలి. దానికంటే ముందు ఏ ఫిల్టరైనా పారామీటర్ చదివిందంటే అప్పటికే ఆలస్యమైపోయినట్టు. అలా ముందుగా చదివే ఫిల్టర్ వల్ల రెస్ట్ కంట్రోలర్లకు ఫారం విలువలు ఖాళీగా అందే ప్రమాదం కూడా ఉంది.

## నడుస్తున్నప్పుడు

సీజన్‌లో సర్వర్ మెమరీ నిండిపోతోంది. ఫేసెస్ తప్పేనా?

తరచుగా అవును, కానీ దాన్ని వాడిన చోటు తప్పు. ఫేసెస్ పేజీల స్థితి మామూలుగా సర్వర్ సెషన్‌లో ఉంటుంది. ఫేసెస్‌ను నడిపే లైబ్రరీ మొజారాలో ఒక్కొక్క సెషన్‌కు 15 వ్యూల (పేజీ చెట్ల) దాకా దాచుకోవడం అప్రమేయ అమరిక. యాభై మంది సిబ్బందికి అది లెక్కలోది కాదు. అదే బయటి జనం చూసే పేజీలనూ ఫేసెస్‌లో పెడితే, క్షణం చూసి వెళ్లిన ప్రతి ఫోనుకూ సెషన్ గడువు తీరేదాకా సర్వర్ అద్దె కడుతూనే ఉంటుంది. మొదట బహిరంగ పేజీలను యాక్షన్ వైపుకు మార్చండి లేదా స్థితి లేకుండా చేయండి. స్థితిని బ్రౌజరుకే పంపే క్లయింట్ అమరిక కూడా ఉంది గాని, పల్లెలో బలహీనమైన సిగ్నల్ మీద ఆ బరువు ఫోనే మోయాలి.

భోజనం చేసి వచ్చి బటన్ నొక్కితే "వ్యూ ఎక్స్‌పైర్డ్" అంటోంది. ఏం చేయాలి?

సెషన్ గడువు తీరి, సర్వర్ దగ్గర ఆ పేజీ చెట్టు మాయమైందని అర్థం. గడువును ఎనిమిది గంటలు చేసేయడం అందరికీ తోచే మందు, మెమరీకి అదే జబ్బు. నేను కాటా తెరలో ప్రతి అయిదు వరుసలకు చిత్తు ప్రతిని డేటాబేస్‌లో భద్రపరుస్తాను. ఈ తప్పు వస్తే అదే లాట్ సంఖ్యతో పేజీని కొత్తగా తెరుస్తాను. పోతే నాలుగు వరుసలు పోతాయి, నలభై పోవు.

రిఫ్రెష్ నొక్కితే ఒకే లాట్ రెండుసార్లు పడుతోంది.

పోస్ట్ తరువాత మళ్లింపు లేకపోవడమే కారణం. ఫేసెస్‌లో తిరిగిచ్చే పేజీ పేరు చివర ఫేసెస్-రిడైరెక్ట్ జోడించండి. ఎంవీసీలో, స్ప్రింగ్‌లో పేరు ముందు "రిడైరెక్ట్:" అని పెడితే చాలు.

## పాతది మార్చేటప్పుడు

మా ఆఫీసులో ఇంకా స్ట్రట్స్ 1 ఉంది. జేఎస్ఎఫ్‌కు ఒకేసారి మార్చాలా?

ఒకేసారి వద్దు, కదలకుండా కూర్చోవడమూ వద్దు. స్ట్రట్స్ 1కు 2013లోనే మద్దతు ముగిసింది, కొత్త రంధ్రం బయటపడితే పూడ్చే నాథుడు లేడు. ముందుగా యాక్షన్ తరగతుల్లో ఇరుక్కున్న లెక్కలను సేవా తరగతుల్లోకి లాగండి. ఈ పని విసుగు పుట్టిస్తుంది, అసలు మార్పు ఇదే. ఆ తరువాత చూపించే పేజీలను ఏదైనా కొత్త యాక్షన్ ఫ్రేంవర్క్‌కు మార్చండి, ఆలోచనా తీరు ఒకటే కాబట్టి చేయి త్వరగా తిరుగుతుంది. పెద్ద ఫారాలను చివర్లో, ఒక్కొక్కటిగా కంపొనెంట్లకు మార్చండి.

జావాఎక్స్, జకార్తా గొడవ కలిపి వాడేవారికి ఎంతవరకు తగులుతుంది?

పూర్తిగా తగులుతుంది. 2020 చివర వచ్చిన జకార్తా ఈఈ 9తో ప్యాకేజీ పేర్లే జావాఎక్స్ నుంచి జకార్తాకు మారిపోయాయి. టామ్‌క్యాట్ 10, స్ప్రింగ్ 6 కొత్త పేర్ల వైపు ఉన్నాయి. ఒకే అప్లికేషన్‌లో ఒక ఫ్రేంవర్క్ పాత పేర్లతో, ఇంకొకటి కొత్త పేర్లతో నడవవు. రెండింటినీ ఒకే రోజు దాటించాలి. కంపొనెంట్ సంచికి కొత్త పేర్ల కూర్పు ఉందో లేదో మొదట అదే చూసుకోండి.

హెచ్‌టీఎంఎక్స్ (పేజీలో ముక్కలను మార్చే చిన్న జావాస్క్రిప్ట్ లైబ్రరీ) వచ్చాక కంపొనెంట్ పద్ధతి ఇక అవసరమా?

చాలా తెరలకు అవసరం తగ్గింది. కంట్రోలర్ ఒక ముక్క హెచ్‌టీఎంఎల్ ఇస్తే అది పేజీలో తన చోట కూర్చుంటుంది, వెతుకుడు జాబితాలకు హాయిగా ఉంటుంది. నలభై వరుసల కాటా తెరను దానితో ఒకసారి రాసి చూశాను. పది వరుసల దాకా ముచ్చటగా ఉంది. తప్పుల సందేశాలు, మధ్యలో వరుస తీసివేత, మొత్తం మార్పు అన్నీ కలిసేసరికి నా కోడ్ అరకొర జేఎస్ఎఫ్‌లా తయారైంది. ఆ తెర ఇప్పటికీ ప్రైమ్‌ఫేసెస్‌లోనే ఉంది.

ఉద్యోగం కోసమైతే ఏది ముందు నేర్చుకోవాలి సార్?

విజయవాడ నుంచి వచ్చేవారంతా చివరికి అడిగేది ఇదే. కొత్త పనులకు స్ప్రింగ్ ఎక్కువగా అడుగుతున్నారు. జేఎస్ఎఫ్ పాత పెద్ద అప్లికేషన్ల నిర్వహణలో ఎదురవుతుంది. నా దగ్గరకు వచ్చేవారి చేత మాత్రం మొదటి వారం ఏ ఫ్రేంవర్కూ లేకుండా ఒట్టి సర్వ్‌లెట్‌తో లాట్ చీటీ రాయిస్తాను. తప్పు తూకం కొడితే మిగతా విలువలు ఎగిరిపోకుండా చూడమంటాను. రెండో రోజు సాయంత్రానికి "దీనికి ఏదైనా సిద్ధంగా దొరకదా సార్" అని వాళ్లే అడుగుతారు. జేఎస్ఎఫ్ పుస్తకం బయటికి తీసేది అప్పుడే.